మమసోలి క్యారెట్ మర

చుస్త్ ఊళ్లో కత్తుల వాళ్ల పేటలో మమసోలి పెరడు పదిహేను సెంట్లు. అందులో పన్నెండు కూరగాయలవి, రెండు ద్రాక్ష పందిరిది, మిగిలిన ఒక్క సెంటూ ఆయన షెడ్డుది. ఇది మమసోలి లెక్క. ఆయన భార్య ఇనోబత్ లెక్క వేరు. షెడ్డులో పట్టక బయటికి పాకివచ్చిన ఇనుమును కూడా కలుపుకుంటే ఆరు సెంట్లు షెడ్డుదేనని, మిరప మొక్కల మధ్య ట్రాక్టరు గేరు మొలవడం ఇంకే పెరట్లోనూ తాను చూడలేదని ఆవిడ అంటుంది.

ముప్పయ్యొక్క ఏళ్లు ఆయన సమష్టి వ్యవసాయ క్షేత్రంలో నీటిపంపుల మెకానిక్కు. పంపుల స్టేషన్ మూతపడిన రోజున మిగతావాళ్లంతా తమ కాగితాలు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. మమసోలి మాత్రం పారేస్తామన్న సామానంతా అడిగి, గాడిద బండినిండా పైపులూ బేరింగులూ గొలుసులూ వేసుకుని వచ్చాడు.

"ఇవి ఎందుకు పనికొస్తాయి?" అని అడిగింది ఇనోబత్.

"అది ముందే తెలిస్తే ఇన్ని ఎందుకు తెస్తాను?" అన్నాడు.

వాటితోనే పెరడంతా నడిచేది. ద్రాక్ష పందిరికి పాత పైపులే స్తంభాలు. ప్రతి మంగళవారం కాలవలో నీటి వంతు వచ్చినప్పుడు తలుపు ఎత్తడానికి ఒక సైకిలు గొలుసు పెట్టాడు. కూర్చున్నచోటినుంచే పెడలు తిప్పితే చాలు, నీళ్లు మళ్లుతాయి. పాత బస్సు ముందు అద్దంతో టొమాటోలు ఎండబెట్టే పెట్టె చేశాడు. ఒకసారి దాని మూత తెరిచి ఉంటే పక్కింటి కోడి లోపలికి దూరిందట. గంట తరవాత తీశారు. కోడికి ఏమీ కాలేదుగానీ వారం రోజులపాటు అది ఉడికిన గుడ్లే పెట్టిందని పేటలో చెప్పుకుంటారు.

ఆ ఏడు అక్టోబరులో చిన్నకొడుకు ఎల్మురాద్ పెళ్లి. పెళ్లంటే ముందు క్యారెట్లు గుర్తుకు రావాలి. పొద్దున నమాజు అవగానే మగవాళ్లకు పులావు విందు ఉంటుంది. నలభై కిలోల బియ్యానికి నలభై కిలోల క్యారెట్లు పడతాయి. అదీ ఎర్రవి కాదు, పసుపుపచ్చవి. బజారు క్యారెట్టు మమసోలికి పనికిరాదు. ఏటినుంచి ఇసుక తెచ్చి, పాత మంచం స్ప్రింగులతో చేసిన జల్లెడలో పట్టి, నాలుగు మడుల్లో కలిపాడు. జూన్ నెలాఖరున, పాలడబ్బాకు చిల్లులు పొడిచి పిల్లల బండి చక్రం తగిలించిన తన విత్తనాల బండితో వరుసలు వేశాడు. రెండుసార్లు పలచన చేశాడు. సెప్టెంబరు చివర ఒకటి పీకి చూస్తే జానెడు పొడవుంది, ఎక్కడా చీలిక లేదు.

విందుకు ముందురోజు సాయంత్రం పేట మగవాళ్లంతా తమ తమ కత్తులు నడుముకు కట్టుకుని పెళ్లివారింటికి వస్తారు. పొడుగాటి బల్లల చుట్టూ కూర్చుని క్యారెట్లను అగ్గిపుల్లల్లా తరుగుతారు. ఎవరూ ప్రత్యేకంగా పిలవరు, ఎవరూ మానరు. అలా తరగడం మమసోలికి చేతకాదు. పంపు బెల్టు ఎప్పుడో ఆయన కుడిచేతి వేళ్లు రెండింటిని సగానికి తీసుకుంది. ఆయన తరిగిన ముక్కలు సుత్తి పిడుల్లా ఉండేవి. అందుకని ఇరవై ఏళ్లుగా ఎవరింటికి వెళ్లినా ఆయన చేతికి కత్తి కాకుండా టీ కెటిలు ఇచ్చేవారు. ఆయన పెద్దకొడుకు పెళ్లికీ ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లకూ పేటంతా వచ్చి తరిగింది. ఆయన మాత్రం ఎవరికీ ఒక్క క్యారెట్టు తరిగి పెట్టలేదు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఈ ఆఖరి పెళ్లికైనా వాళ్లను కష్టపెట్టకూడదని మనసులో నిశ్చయించుకుని షెడ్డులోకి వెళ్లాడు.

నెల రోజులు పట్టింది. బట్టలుతికే యంత్రం మోటారు, ట్రాక్టరు దుక్కి పళ్లెం ఒకటి, బడి బల్ల కాళ్లు నాలుగు, క్యారెట్లు దూర్చడానికి ఒక పైపు. పళ్లేనికి బిగించే కత్తి రేకులు మాత్రం మంచివి కావాలి. అందుకు పక్కవీధిలో కొలిమి ఉన్న పార్పీ దగ్గరికి వెళ్లాడు. పార్పీ కత్తుల ఉస్తాదు, మమసోలికంటే రెండేళ్లు పెద్ద. పేటలో నలుగురు కూర్చున్నచోట ముందుగా నోరు విప్పేది అతనే.

"నాలుగు రేకులు కావాలన్నా, వేలంత పొడవు."

"దేనికి?"

"గులాబీలు కత్తిరించడానికి."

"నీకు గులాబీలెక్కడివయ్యా?"

"వేస్తున్నా."

పార్పీ నవ్వి, మంచి ఉక్కుతో నాలుగు రేకులు కాచి ఇచ్చాడు.

పెళ్లికి వారం ముందు ఇనోబత్ షెడ్డు తలుపులో నిలబడి ఆ మరను కిందనుంచి పైదాకా చూసింది.

"ఎల్మురాద్ నాన్నా, ఇదేంటి?"

"క్యారెట్లు తరుగుతుంది."

"తరగడానికి మనుషులొస్తారుగా?"

"వస్తారు. హాయిగా కూచుంటారు, టీ తాగుతారు, వెళ్తారు. వాళ్లకి సుఖం కాదూ?"

"కత్తి పట్టుకొచ్చినోడి చేతిలో టీ గిన్నె పెడితే వాడికెలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?"

ఆయన పళ్ల మధ్య స్పానరు ఉంది. దాన్ని తీయకుండానే ఏదో అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. తీసి చెప్పలేదు కూడా.

ముందురోజు మధ్యాహ్నం మూడు మడులు తవ్వి, కడిగి, మరను ముంగిట్లోకి లాగి స్విచ్చి వేశాడు. మొదటి పది కిలోలు చూసి తీరాల్సినట్టు వచ్చాయి, అన్నీ ఒకే సన్నం, ఒకే పొడవు. మమసోలి ఒళ్లు పొంగిపోయింది. తరవాత పళ్లెం వేడెక్కింది. మోటారు అరుపుకు ఆయనకు ఏమీ వినపడలేదు, క్యారెట్ల నీళ్లు కాళ్లమీదికి కారుతున్నా పట్టించుకోలేదు. ఒక క్యారెట్టు పైపులోంచి వెనక్కి ఎగిరి గోడ దాటింది. గంటన్నరలో రెండు రేకు తొట్లు నిండిపోయాయి. వాటిమీద శుభ్రమైన గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, కొత్త టోపీ పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పద్దెనిమిది మంది వచ్చారు. ముందు పార్పీ, నడుముకు పెద్ద కత్తి.

"ఏం మమసోలీ, క్యారెట్లేవీ? దాచుకున్నావా?"

"అయిపోయాయన్నా! అన్నీ తరిగేశాను. మీరు కూచోండి, టీ తాగండి."

"అయిపోవడమేంటి?"

మమసోలి తొట్లమీద గుడ్డ తీశాడు. తరవాత మరమీద గోనెసంచి కూడా లాగేశాడు. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఒకాయన అప్పటికే దూసిన కత్తిని మెల్లగా ఒరలో పెట్టేసుకున్నాడు. పార్పీ వంగి పళ్లేన్ని వేలితో తిప్పాడు.

"ఈ రేకులు నేను కాచినవేగా?"

"నువ్వు కాచినవే అన్నా. అందుకే అంత పదును."

"గులాబీలకన్నావ్."

"గులాబీలకీ పనికొస్తాయి..."

పార్పీ నిలబడి మోకాలు దులుపుకున్నాడు. "సరే. పని అయిపోయిందిగా. నాకూ ఇంటిదగ్గర పనుంది." అంటూ గేటు వైపు నడిచాడు. అతని వెనక ఇద్దరు, వాళ్ల వెనక మిగతావాళ్లంతా. ఒకరికి గొడ్డుకు మేత వెయ్యాలి, ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరు సాకైనా వెతుక్కోకుండానే నడిచారు. బల్లమీద ఇనోబత్ పెట్టిన రొట్టెలు విరవకుండానే ఉన్నాయి. ఆ ఊళ్లో ఒక ఇంటికి వచ్చి రొట్టె ముట్టకుండా వెళ్లడమంటే తిట్టి వెళ్లినదానికంటే ఎక్కువ.

మమసోలి కెటిలు పట్టుకుని ఖాళీ ముంగిట్లో నిలబడ్డాడు. రేపు గేటు దగ్గర నిలబడాల్సింది వాళ్లే, అతిథుల చేతులమీద నీళ్లు పోయాల్సింది వాళ్లే, పళ్లేలు మోయాల్సిందీ వాళ్లే. మూడు వందల మంది వస్తారు. ఆ పద్దెనిమిది మంది రాకపోతే విందు లేదు. విందు సంగతి అటుంచినా, ఎదురుపడితే తల తిప్పుకునే పేటలో ఎల్లుండినుంచి తను ఎలా తిరగాలి?

ఇదంతా చాలదన్నట్టు వంటమనిషి కంబర్ అప్పుడే తన బాణలిని బండిమీద వేసుకుని వచ్చాడు. తొట్టిలో చేయి పెట్టి ఒక గుప్పెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి పచ్చటి నీళ్లు కారాయి.

"నన్ను పులావు వండమన్నావా, జావ కాయమన్నావా?"

"ఏమైంది ఉస్తాదూ?"

"ఇది తరగడం కాదు, నమలడం. నూనెలో పడితే కరిగిపోద్ది. నీ ఆవుకి పెట్టు, దీవిస్తుంది." కంబర్ చేయి గుడ్డకు తుడుచుకున్నాడు. "చీకటి పడేలోగా కత్తితో తరిగిన నలభై కిలోలు నాకు కనపడాలి. లేదంటే నా బాణలి నేను బండెక్కించుకుని పోతా."

నాలుగో మడి ఇంకా నేలలోనే ఉంది. చలికాలానికీ వచ్చే ఏటి విత్తనానికీ అట్టే పెట్టుకున్న మడి అది, మిగతా మూడింటినీ కలిపినంత పెద్దది. మమసోలి దానివంక ఒకసారి చూసి, గేటు తీసుకుని పార్పీ ఇంటికి నడిచాడు.

పార్పీ సానరాయి దగ్గర కూర్చున్నాడు. తలెత్తలేదు.

"మర చెడిపోయిందా?"

"మర బాగానే ఉందన్నా. క్యారెట్లే చెడిపోయాయి."

"అయితే నా దగ్గరికెందుకు? నేను క్యారెట్లు బాగుచెయ్యను."

"ఇంకో మడి ఉంది, తవ్వుతున్నాను. తరగడానికి మీరు రావాలి."

"మమ్మల్ని టీ తాగి పొమ్మన్నావ్."

మమసోలి అక్కడే మొద్దుమీద కూలబడ్డాడు. "ఇరవై ఏళ్లనుంచి నేను చేస్తున్నది అదేగా అన్నా, టీ పొయ్యడం. నా ముగ్గురు పిల్లల పెళ్లిళ్లకీ మీరే తరిగారు. ఎవరింట్లోనైనా నేనొక్క క్యారెట్టు తరిగానా? సిగ్గేసింది. ఈ ఒక్కసారైనా మిమ్మల్ని కష్టపెట్టకూడదనుకున్నా."

పార్పీ సానరాయి ఆపేశాడు.

"కష్టమా? ఎవరు చెప్పార్రా నీకు కష్టమని? ఏడాదికి పది పెళ్లిళ్లు. ఆ పది సాయంత్రాలే ఇంట్లో ఎవరూ మమ్మల్ని ఎక్కడికని అడగరు. అందులో ఒకటి తీసుకెళ్లి మరకిచ్చేశావ్! అదీ కత్తుల పేటలో, నా రేకులు పెట్టి! మా నాన్న బతికుంటే నిన్నే ఆ పైపులో దూర్చేవాడు."

"దూర్చనీ. ముందు రా అన్నా, చీకటి పడుతోంది."

"టీ పోస్తూ నువ్వు చెప్పే ఆ పంపుల స్టేషన్ అబద్ధాలు లేకపోతే సగం మంది కునికిపాట్లు పడి వేళ్లు తెగ్గోసుకుంటారు. ఆ సంగతి తెలుసా నీకు?"

మమసోలికి తెలియదు. తెలియదనే చెప్పాడు.

"పో. ముందు నా నాలుగు రేకులూ ఊడదీసి తీసుకురా. అవి ఆ మరలో ఉండగా నేను నీ గేటు దాటను."

మమసోలి ఇంటికి పరుగెత్తాడు. బోల్టులు పదహారు, వేడికి అన్నీ బిగుసుకుపోయాయి. నెల రోజులు బిగించినదాన్ని పావుగంటలో ఊడదీశాడు. రేకులు రుమాల్లో చుట్టి తెచ్చి పార్పీ చేతిలో పెట్టాడు. పార్పీ వాటిని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, మొండిబారిన అంచుల్ని చూసి నాలుక చప్పరించి, జేబులో వేసుకున్నాడు. దారిలో ప్రతి గేటూ కత్తి పిడితో తట్టాడు.

"లేవండ్రా, మర చచ్చిపోయింది!"

పద్దెనిమిది మంది వెళ్లారు, ఇరవైమూడు మంది వచ్చారు. మర చచ్చిపోయిందంటే చూడకుండా ఎవరుంటారు? తవ్వింది వాళ్లే, కడిగింది వాళ్లే. ఆ రోజు కాలవలో నీటి వంతు మమసోలిది కాదు. వంతున్న ఇంటాయన తన తలుపు దించేసి, నీళ్లను అరగంటసేపు ఇటు వదిలాడు. బల్లల చుట్టూ కత్తులు కదిలాయి. మమసోలి కెటిలుతో తిరుగుతూ, ఒకప్పుడు పంపులోంచి మనిషంత చేప వచ్చిన సంగతి చెప్పాడు. ఆ చేప పోయిన పెళ్లిలో చేతంతే ఉందని ఎవరో గుర్తు చేశారు. చేపలు పెరగవా అని మమసోలి అడిగాడు. మసకచీకటి పడేసరికి నలభై కిలోలూ అయ్యాయి. కంబర్ ఒక ముక్క తీసి వేళ్లమధ్య వంచి చూశాడు. నీళ్లు కారలేదు. "ఊఁ" అని పొయ్యి వైపు వెళ్లాడు. మర నమిలిన క్యారెట్లను బకెట్లతో ఎవరి గొడ్లకు వాళ్లు మోసుకుపోయారు. ఆ వారం పేటలో పాలు పసుపుపచ్చగా వచ్చాయంటారు.

తెల్లవారుతుండగా మమసోలి గేటు దగ్గర గుండెమీద చేయి పెట్టుకుని నిలబడ్డాడు. అతిథులు వస్తూనే ఉన్నారు. లోపల పళ్లేలు కదులుతున్నాయి. పార్పీ కూజా పట్టుకుని వచ్చినవాళ్ల చేతులమీద నీళ్లు పోస్తూ, ఒక్కొక్కరికీ మర కథ చెబుతున్నాడు. మొదటి పంక్తికి ఆ మర క్యారెట్టును గోడ దాటించింది. రెండో పంక్తికి వచ్చేసరికి మసీదు దాటించింది. మూడో పంక్తి చేతులు కడుక్కునేటప్పటికి ఒక మనిషి టోపీ అందులో పడి సన్నగా తరిగి వచ్చింది.

అవతలి ఊరినుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ నేరుగా మమసోలి దగ్గరికే వచ్చాడు.

"ఏవయ్యా, నిజమేనా? నీ మర ఎవరిదో టోపీ తరిగేసిందట?"

"అబద్ధం పెదనాన్నా," అన్నాడు మమసోలి ఎంతో మర్యాదగా. "టోపీని ముట్టుకోనే లేదు. గడ్డం తరిగింది. ఆ మనిషిని మీకు చూపిద్దును, సిగ్గుపడి ఇంట్లోంచి రాలేదు. రండి, లోపలికి రండి, పులావు చల్లారిపోతుంది."

వెనకనుంచి పార్పీ కూజా ఎత్తి కేకేశాడు.

"సగం గడ్డమే!"