పసుపు పూసిన దుంగ

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. దళంలో ఉన్న మా అన్న తొడకు తూటా తగిలి, గార్ల అవతల గుట్టలో మూతబడ్డ బొగ్గుబాయిలో దాగాడు. తూటా దెబ్బకు తోడు జ్వరం, ఆగని దగ్గు. గుట్ట వాలులోంచి లోపలికి నడిచిపోయే దారి ఒక్కటే ఉండేది. వానలకు దాని పైకప్పు కుంగుతోంది. అది కూలిందంటే అన్నకు అదే గోరీ.

నాయిన ఒకప్పుడు ఆ బాయిలోనే పైకప్పుకు ఊత దుంగలు నిలబెట్టేవాడు. ఇప్పుడు దారి నిలవాలి, బాగుచేసినట్టు మాత్రం కనబడకూడదు. దారి మొదట్లో పుచ్చిన దుంగ తీసి కొత్తది నిలబెట్టి, దానికి తడి బొగ్గుపొడి రుద్దాడు. నేను ముళ్లకంప అడ్డం వేశాను. ఎన్నేళ్ల నాటిదో అన్నట్టు తయారైంది ఆ దుంగ. నాయిన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

తెల్లారి పోలీసులు గుట్ట వెతుకుతున్నారని తెలిసింది.

"ఏం గాదు. గా దుంగ కొత్తదని ఎవడు వోల్చుకోడు" అన్నాడు నాయిన.

అవ్వ ముఖం పాలిపోయింది. "రాత్రి బువ్వ ఇయ్యవోయినప్పుడు దానికి పసుపు రాసి బొట్లు వెట్టిన."

మా ఇంట్లో కొట్టం గుంజకైనా పసుపు పూయనిదే పని మొదలుకాదు. ఇక కన్నకొడుకు నెత్తిమీది కప్పును మోసే దుంగను అవ్వ వదులుతుందా! నాకు ఒళ్లు మండింది.

"ఈడున్నడని డప్పు కొట్టి చెప్పినట్టే గదనే అవ్వా!"

ముగ్గురం గుట్ట మీదికి పరుగెత్తాం. పచ్చి కర్రలో ఇంకిన పసుపు తుడిచేకొద్దీ పరుచుకుంది. కింద బూట్ల చప్పుడు వినిపించింది. అవ్వ నా చేయి పట్టి ఆపింది.

"తుడువకు. ఇంకింత పుయ్యి."

పసుపు, కుంకుమ కొంగున కట్టుకొనే వచ్చింది. పక్కనున్న రాయికీ పూసి బొట్లు పెట్టాం. నాయిన దాని ముందు సాగిలపడ్డాడు.

జమేదారు దుంగనూ రాయినీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "ఏందిది?"

"మైసమ్మ తల్లి, దొరా" అన్నాడు నాయిన.

జమేదారు నమ్మలేదు. లాఠీతో ముళ్లకంప పక్కకు నెట్టాడు. సరిగ్గా అప్పుడే లోపల అన్న దగ్గాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో అవ్వ జుట్టు విరబోసుకొని పెడబొబ్బ పెట్టింది. ఊగుతూ దగ్గింది, అచ్చం అన్న దగ్గినట్టే. "నా గడప తొక్కుతవురా!" అంటూ జమేదారు మీదికి పోయింది. వెనకున్న పోలీసు ఒకడు బూట్లు విప్పి దండం పెట్టాడు. జమేదారు లాఠీ దించాడు. అందరినీ తీసుకొని గుట్ట దిగిపోయాడు.

అవ్వకు అంతకుముందు ఎన్నడూ పూనకం రాలేదు. పూనకం వచ్చినవాళ్లను చూసి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది కూడా. అలాంటిది, పోలీసులు పోయాక కూడా చాలాసేపు ఊగుతూనే ఉంది. నాకు భయం వేసి గట్టిగా పట్టుకున్నాను.

సాయంత్రం గంజి తాగిస్తుంటే అన్న అడిగాడు. "అవ్వా, నిజంగనే అమ్మవారు వచ్చిందా?"

అవ్వ గిన్నె మళ్లీ అన్న నోటికి అందించింది.

"నువ్వు దగ్గితివి గద కొడుకా" అంది. "ఇగ రాకుంటె ఎట్ల?"