గోడకు అవతల

పీణ్య ఫ్యాక్టరీల పేటలో మా బాలవాడి ఒక రేకుల ఇళ్ల వరసలో చివరి గది. తల్లులు గార్మెంట్స్‌కు, కూలికి పోతూ పిల్లల్ని నా దగ్గర వదిలేవారు. నాకు నోటి దురుసు, దానికి తోడు తొందర. పిల్లల్ని ఏదైనా అడిగాక, మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మూసుకోవాలని ట్రైనింగులో నేర్పారు. నాకు మూడు దాటేది కాదు.

పోయిన వేసవిలో నాలుగేళ్ల పిల్ల ఒకతి, కదిరి వైపు నుంచి వచ్చిన కూలీల కూతురు, మధ్యాహ్నం అందరూ పడుకోగానే గోడకు చెవి ఆనించి కూర్చునేది.

"గోడలో పాప ఉండాది మిస్," అంది.

"గోడలో ఎవరుంటారమ్మా? పడుకో," అన్నాను.

మర్నాడూ అదే మాట, అదే జవాబు. మా ఆయా అయితే "గాలి సోకినాదప్పా దీనికి" అని దిష్టి తీసింది. మూడో రోజు పిల్ల మాట్లాడటమే మానేసింది. గోడను మాత్రం వదల్లేదు.

పెద్దల మాట చద్దిమూట అంటారు. పిల్లల మాటకు ఆ మర్యాద ఎక్కడిది?

నాలుగో రోజు దాని ముఖం చూస్తే నాకే భయమేసింది. పక్కన కూర్చుని, "పాప అని నీకెట్లా తెలుసు?" అని అడిగి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బయట లేత్ మిషన్ల మోత తప్ప ఏమీ లేదు. తొమ్మిది దగ్గర నోరు విప్పింది.

"పెద్దోళ్లయితే పైన కొడతారు. ఇది నా నడుము కాడ కొడతాది."

గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగాను. "ఇంకా?"

"నేను రెండు కొడితే రెండు కొట్టేది. ఈపొద్దు ఒకటే. అదీ కింద." చేయి నేలకు ఆనించి చూపింది.

నేనూ రెండుసార్లు కొట్టి చెవి పెట్టాను. చాలాసేపటికి, నేల దగ్గర నుంచి, ఒక్కసారి చప్పుడైంది.

పక్క గదికి బయట తాళం. ఆయా బండరాయితో పగలగొట్టింది. గోడ వారగా రెండున్నరేళ్ల పిల్ల పడి ఉంది, ఒళ్లు జ్వరంతో కాలిపోతూ. నీళ్ల చెంబు బోర్లా పడి ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికింది.

మూడేళ్లు నిండనిదే చేర్చుకోం అని నెల ముందు ఆ బిడ్డ తల్లిని మా గుమ్మంలోంచే పంపించింది నేను. మరి పనికి పోతూ బిడ్డను ఎక్కడ పెడతావని అడగలేదు.

సాయంత్రం నాలుగేళ్ల పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది. "మొన్ననే చెప్తి కదా మిస్, ఎందుకు వినలేదు?"

అడిగి, నా ముఖం చూస్తూ ఊరకే ఉండిపోయింది. మనసులో లెక్క పది దాటిపోయింది.