పుల్ల మజ్జిగ పోరాటం

ఆ రోజుల్లో నాకు కోపం తప్ప వేరే ఆస్తి లేదు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన మా క్వార్టర్ ముందుగదిలో పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, లేచింది మొదలు ఎవరో ఒకరి మీద విసుక్కుంటూ ఉండేదాన్ని. (ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. కోపం అలాగే ఉంది, కాకపోతే ఆఫీసులో దాన్ని లోపల దాచుకోవాల్సి వస్తోంది.) అప్పటి కోపాల్లో చాలావాటికి కారణాలు కూడా గుర్తులేవు. ఒక్కటి మాత్రం ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి. అది మా పెరట్లో గుమ్మడి తీగ సంగతి.

మేం బాపు అని పిలిచే నాన్న ఆ యేడాదే రిటైరయ్యాడు. ఆయన భూగర్భ గనిలో షాట్‌ఫైరర్, అంటే మందు పెట్టి బొగ్గును పేల్చేవాడు. రిటైరైతే క్వార్టర్ కంపెనీకి అప్పజెప్పాలి. మంచిర్యాలలో సొంతానికి చిన్న ఇల్లు కట్టుకున్నాం కాబట్టి రోడ్డున పడతామన్న భయం లేదు. కానీ అమ్మ పెళ్లయి వచ్చింది ఆ రెండు గదుల్లోకే, మమ్మల్ని కన్నదీ పెంచిందీ అక్కడే. దసరా దాటగానే ఖాళీ చేయాలని తేలింది. అంటే ఆ ఇంట్లో అదే ఆఖరి బతుకమ్మ. మా ఇంట్లో పండగ చివరి రోజు పేర్చే సద్దుల బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను గుమ్మడి పువ్వులోనే కూర్చోబెట్టాలి, ఆ పువ్వు మా పెరటి తీగకు పూసిందే అయి ఉండాలి. బజారులో కొన్న పువ్వు అమ్మకు ఆనదు. "ఈ ఒక్క యేడు మంచిగ పూస్తె సాలు. ఇగ ఆనక ఎవలన్న ఏలుకోని" అని అమ్మ ఒకరోజు తీగతోనే అంటుంటే లోపలినుంచి విన్నాను. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంగానే బయటికొస్తుంది, కాబట్టి పుస్తకాన్ని విసిరికొట్టాను. ఆ పువ్వు పూయాల్సిందే అనుకున్నాను.

మా ఊళ్లో మొక్కలకు కూడా రోజూ స్నానం చేయించాలి. ఒకవైపు ఓపెన్‌కాస్టు గని నుంచి లేచే నల్ల దుమ్ము, ఇంకోవైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రాలే బూడిద. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం తీస్తే అది ఇంకెవరిదో అనిపిస్తుంది. అందుకే కాలనీలో ఆడవాళ్లందరికీ ఒక అలవాటుంది. తడిబట్ట పట్టుకుని ఒక్కో ఆకునూ టీవీ తుడిచినట్టు తుడుస్తారు. అమ్మ ఇందులో మరీ ఘనురాలు, ఆకు అడుగుభాగం కూడా వదిలేది కాదు. ఆ వానాకాలం చివర గుమ్మడి ఆకుల మీద తెల్లటి మచ్చలు కనబడగానే అమ్మ రోజుకు ఒకసారి తుడిచేది కాస్తా రెండుసార్లు చేసింది. తుడిచే కొద్దీ మచ్చలు పెరిగాయి. అమ్మ గేటు దగ్గర నిలబడి పొగగొట్టం వైపు చేయి చాపి, దాన్ని కట్టినవాళ్లను, కట్టించినవాళ్లను, వాళ్ల ముందు తరాలను వరసపెట్టి తిట్టింది. పక్కవాళ్లు కూడా వచ్చి తలా ఒక తిట్టు జత చేశారు. పొగగొట్టానికి ఏమీ కాలేదు.

"అమ్మా, గది బూడిద కాదే. బూడిదైతే నీళ్ల డ్రమ్ము మూత మీద పడాలె, పక్కన మిరప చెట్టు మీద పడాలె. గుమ్మడి ఆకులనే ఏరుకోని పడుతదా? ఇది తెగులు. తుడిచిన బట్టతోనే తుడుస్తున్నవ్, ఒక ఆకుది ఇంకో ఆకుకు నువ్వే అంటిస్తున్నవ్!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"అంటె ఏంది, నేనే నా తీగను సంపుతున్ననా?" అంది అమ్మ, బట్ట పిండుతూ.

సమాధానం చెప్పేలోపు బాపు వచ్చాడు. తీగను చూశాడు. చూసి (ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు) సంతోషపడ్డాడు. గని లోపల బొగ్గు ధూళికి నిప్పంటుకోకుండా గోడల మీద తెల్లటి రాతిపొడి చల్లుతారు. గోడ తెల్లగా ఉంటే క్షేమం, నల్లబడితే ప్రమాదం. బతుకంతా ఆ లెక్కనే చూసిన కళ్లు అవి. "తెల్లగుంటె ఫికరెందుకే? నల్లవడితె గద భయం. తుడువకుండ్రి, గట్లనే ఉండనీయుండ్రి" అని తీర్పు చెప్పి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. తీగ గని గోడ కాదని ఆయనకు చెప్పేవాళ్లెవరు? నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను. "నువ్వు భూమి లోపలికి దిగినవా, నేను దిగిననా?" అన్నాడు. మా ఇంట్లో ప్రతి వాదనా ఆ ప్రశ్నతోనే ముగిసేది. ఆ రోజు నుంచి బాపు బయటికి పోగానే అమ్మ తుడిచేది, తిరిగొచ్చేసరికి బట్ట దాచేసేది. వాళ్లిద్దరి మధ్య నా తీగ తెల్లబడుతూ పోయింది.

ఇక మూడోవాడు పక్క క్వార్టర్‌లో ఉండే వీడియోల కాక, వరసకు బాబాయ్. నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకోకుండా ఫోన్లో వీడియోలు చూస్తాడు, చూసింది చూసినట్టు ఎవరి మీదో ఒకరి మీద ప్రయోగిస్తాడు. (అంతకుముందు వాళ్లావిడకు మోకాళ్ల నొప్పులు తగ్గిస్తానని ఏదో పూసి దవాఖానకు తీసుకెళ్లిన ఘనత ఆయనది.) ఇది తెగులేనని ఒప్పుకున్న మొదటి మనిషి కాబట్టి ఆయనంటే నాకు కాసేపు గౌరవం కలిగింది. పుల్ల మజ్జిగ పలచగా కలిపి కొట్టాలని నేనూ ఎక్కడో చదివాను. "మజ్జిగొక్కటే ఎందుకు బిడ్డా" అన్నాడు కాక. "ఒకలు మజ్జిగ అంటున్నరు, ఒకలు వేపనూనె అంటున్నరు, ఒకలు తినే సోడా, ఒకలు ఎల్లిగడ్డ మిరపకాయ కషాయం. అన్ని కలిపి కొడితె అది ఏడికి పోతది?"

వద్దన్నాను. తిన్నగా ఒకటి చేద్దాం, ముందు రోగమొచ్చిన ఆకులు తెంపేద్దాం అన్నాను. ఆకు తెంపుతానన్నందుకు అమ్మ "చేతులు ఇరగ్గొడ్త" అంది. అన్నీ కలపాలన్న ఆలోచన మాత్రం బాపుకు తెగ నచ్చింది. ఆయనకు ఏ పనికైనా మందు దట్టిస్తేనే తృప్తి. నేను గ్రంథాలయానికి వెళ్లిన రోజు చూసి, నడి మధ్యాహ్నం మండే ఎండలో, అన్నదమ్ముల్లా ఇద్దరూ సబ్బు నురుగుతో సహా అన్నీ కలిపేశారు. నేను తిరిగొచ్చేసరికి కాలనీ పిల్లలు, ఆడవాళ్లు దూరంగా గుంపు కట్టి ఉన్నారు. బాపు నోట్లో పాత విజిల్. పేల్చే ముందు గనిలో ఊదినట్టే ఊదాడు. "అందరు జరుగుండ్రి! ఎనుకకు జరుగుండ్రి!" అని కేకేసి మందు కొట్టే పంపు నొక్కాడు. నేను గేటు దగ్గరనుంచి అరిచిన అరుపు విజిల్‌లో కలిసిపోయింది. మిరపకాయ ఘాటుకు ముందు కాక తుమ్మాడు, తరవాత కాలనీ మొత్తం తుమ్మింది.

మర్నాటికి తెలుపు పోయింది నిజమే. ఆకులు కూడా పోయాయి. కాలిన కాగితంలా అంచులు ముడుచుకుని వేలాడుతున్నాయి. నేను ఆ ఇద్దరినీ అన్న మాటలు ఇక్కడ రాయలేను. బాపును ఏకవచనంలో తిట్టడం మా వైపు మామూలే గానీ ఆ రోజు వాడిన విశేషణాలు మామూలువి కావు. కాక తల వంచుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. బాపు మాత్రం "షాట్ కొంచెం ఎక్కువైంది" అన్నాడు, అంతే. అప్పుడు అమ్మ మెల్లగా, "పోనీ తియ్యి. పోయేటోళ్లకు పువ్వెందుకు" అంది.

అమ్మ తిట్టి ఉంటే ఇంకో గంట అరిచేదాన్ని. ఆమె అలా అనేసరికి లేచి, నిచ్చెన తెచ్చి గోడకు వేశాను. బాత్రూం రేకుల మీదికి పాకిన తీగ కొస ఒకటి అమ్మ బట్టకూ, బాపు పంపుకూ అందకుండా పచ్చగా ఉంది. మచ్చ పడటం అక్కడ అప్పుడే మొదలైంది. కింద మాడిన ఆకులు, పైన మచ్చపడ్డ ఆకులు అన్నీ తెంపేశాను. ఈసారి అమ్మ అడ్డు రాలేదు. రోజుల తరబడి పులియబెట్టిన మజ్జిగను నీళ్లతో పలచగా చేసి, బట్టలో వడకట్టి, ఎండ తగ్గాక ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాను. వదలకుండా కొడుతూనే ఉన్నాను. బాపు నిచ్చెన పట్టుకునేవాడు. విజిల్ మాత్రం నేను లాక్కుని దాచాను. కొత్తగా వచ్చిన ఆకులు శుభ్రంగా వచ్చాయి. మొగ్గ కనబడిన రోజు నేను కోపంగా లేకపోవడం చూసి అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమొచ్చిందా అని చూసింది.

సద్దుల బతుకమ్మ పొద్దున పువ్వు విచ్చింది. ఒకే ఒక్కటి. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని ఒక కుర్ర కార్మికుడు, అతని కొత్త పెళ్లాం వచ్చారు. మా క్వార్టర్ వాళ్లకే వచ్చిందట. బీరువా పడుతుందో లేదో చూసుకోవడానికి టేపు కూడా తెచ్చుకున్నారు. పండగ పూట! నాకు నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది. ఏదో అనబోయాను. ఆ పిల్ల అప్పటికే పెరట్లోకి వెళ్లి, "గీ పువ్వు ఎంత మంచిగుంది పెద్దమ్మా!" అంటోంది.

"మంచిగెందుకుండది" అంది అమ్మ, కత్తిలాంటి గొంతుతో. "తీగను ఉంచుతవా, పీకి పారేస్తవా? ముందుగాల గది చెప్పు."

"ఉంచుత పెద్దమ్మా. కని నాకు గీ పని తెల్వది."

"తెల్వకపోతె నేర్సుకో. తెల్లమచ్చ కనవడితె ఆ ఆకు తెంపుడే, పానం ఒప్పకున్నా తెంపుడే. తుడుసుడు వద్దు. మజ్జిగ పుల్లగ కావాలె, నీళ్లు కలిపి వడగట్టి పొద్దుగూకినంక కొట్టు. ఎండల కొట్టినవో, నేను మంచిర్యాలనుంచి వస్త!"

నోరెళ్లబెట్టి విన్నాను. అన్నీ నా మాటలే. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఒక్కటీ వినని మనిషి, పుట్టినప్పటి నుంచి తెలిసినట్టు చెబుతోంది. పైగా నన్ను చూపించి, "మా పిల్లకు గివేం తెల్వయ్. కోపం తప్ప" అని ముక్తాయించింది. ఆ సాయంత్రం గౌరమ్మ మా పువ్వులోనే కూర్చుంది. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్న అమ్మ పక్కనే ఆ కొత్త పిల్ల కూడా ఉంది. అమ్మే పిలిచిందట.

ఇన్నేళ్లయినా ఆ పిల్ల ప్రతి బతుకమ్మకూ పువ్వు ఫొటో పంపుతుంది. మొన్న వచ్చిన ఫొటో అమ్మకు చూపించాను. అమ్మ రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి, పువ్వును కాకుండా వెనకున్న వంటింటి కిటికీని చాలాసేపు చూసింది. కిటికీకి నీలం రంగు వేశారు. "పువ్వు చిన్నగైంది" అని ఫోన్ నా చేతికిచ్చి లోపలికి పోయింది. పువ్వు చిన్నదేం కాదు, మా చేతుల్లో ఏ యేడూ అంత పెద్దగా పూయలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, "అవునే అమ్మా, చిన్నదే" అన్నాను. అప్పటి నేనైతే నిరూపించేదాకా ఊరుకునేదాన్ని కాదు. నాలో నేనే కాసేపు నవ్వుకున్నాను.