బజారులో కాటాలన్నీ తప్పే

బజారులో అందరికీ అతను కాటా బాబాయి. తూకం యంత్రాలు బాగుచేయడం అతని పని. మూటలు తూచే పెద్ద కాటా అయినా, కూరల కొట్లో చిన్న త్రాసు అయినా అతని చెయ్యి పడితేనే దారికొస్తుందని ఒక పేరుండేది. ఆ పేరు తెచ్చింది అతని చేతులే గానీ, నిలబెట్టింది మాత్రం నోరు.

పెద్ద కాటా బాగుచేశాక ఇనుప తూకంరాళ్ళు ఒక్కొక్కటే పెట్టి సరిచూడాలి. అదీ పద్ధతి. నడుం పట్టేసినప్పటి నుంచి బాబాయి ఆ రాళ్ళు మోయడం మానేసి ఒక సులువు కనిపెట్టాడు. చెప్పులు విడిచి తనే కాటా ఎక్కి నిలబడేవాడు. ఏళ్ళ తరబడి అతని బరువు అటూ ఇటూ కదిలింది లేదు.

“నా ఒళ్ళే నా తూకంరాయి. దీనికి తుప్పు కూడా పట్టదు” అనేవాడు.

తుప్పు పట్టలేదు గానీ షుగర్ పట్టింది. అదీ నిన్నా మొన్నా కాదు, చాలా ఏళ్ళయింది. ఇంట్లో పిన్ని, అంటే ఆయన భార్య, తీపి డబ్బా ఎక్కడ దాచినా ఆయన చెయ్యి అక్కడికే వెళ్ళేది. అలాంటి మనిషి ఈమధ్య తీపి సంగతి అటుంచి, కంచంలో పెట్టిందే సగం వదిలేసి లేచిపోతున్నాడు. పిన్ని సంతోషించింది. “ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది” అంది. బాబాయి ఆ మెప్పు కాదనలేదు. నాలుగు ముద్దలకే కడుపు బిగిసిపోతోందని, ఆపైన మంటగా ఉంటోందని చెబితే ఆ మెప్పు కాస్తా పోతుంది కదా.

ఆ రోజుల్లోనే బజారుకి ఏదో తెగులు తగిలినట్టయింది. బాబాయి ఏ కాటా ఎక్కినా తక్కువే చూపిస్తోంది. పిండి కొట్టులో తక్కువ, ఇనుప సామాన్ల కొట్టులో తక్కువ, పాత కాగితాలవాడి దగ్గర మరీ తక్కువ. “అన్నీ ఒకేసారి అరిగిపోయాయి. నేను లేకపోతే మీ గతేం కాను” అంటూ మరలు తిప్పి, ముల్లు తన పాత బరువు మీదికి తెచ్చి మరీ దిగేవాడు.

పిండి కొట్టాయన మొదట మురిసిపోయాడు. మిల్లు నుంచి వచ్చిన ప్రతి బస్తా రాసినదానికంటే ఎక్కువే తూగుతోంది. మిల్లువాడు ధర్మాత్ముడైపోయాడనుకున్నాడు. రొట్టెలు కాల్చే ఆవిడ వచ్చి కొట్టు ముందు నిలబడి, “నీ దగ్గర తూచిన పిండి మా ఇంటికొచ్చేసరికి ఎందుకు తగ్గుతోందయ్యా?” అని నిలదీసేదాకా ఆ మురిపెం సాగింది.

కబురందగానే బాబాయి వచ్చాడు, వెనకే పిన్ని. కొట్టాయన మూలనున్న ఇనుప రాళ్ళు తెచ్చి కాటా మీద పెట్టాడు. ముల్లు ఉండాల్సిన చోటు దాటి ముందుకెళ్ళింది. బాబాయికి ముఖం చెల్లలేదు. మర విప్పి రాళ్ళతో సరిచేశాడు.

పిన్ని మాత్రం కాటా వంక చూడడం లేదు. పీలగా మారిన బాబాయి మెడ వంక చూస్తోంది.

“ఏమండీ, ఇప్పుడెక్కండి.”

ఎక్కాడు. ముల్లు తిరిగి తక్కువ దగ్గరే ఆగింది.

“అయితే కాటాలు బానే ఉన్నాయి. తగ్గిపోయింది మీరన్నమాట” అంది పిన్ని. నవ్వబోయిన కొట్టాయన ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

మర్నాడు షుగర్ చూసే డాక్టరమ్మ దగ్గర బాబాయి గొప్పలు పోబోయాడు. “నోరు కట్టుకున్నానండి. అందుకే తగ్గాను.”

“కట్టుకున్నారా, కడుపే పట్టనివ్వడం లేదా?” అందావిడ. నిజం బయటికొచ్చింది.

“చూడండి, షుగర్ ఉన్నవాళ్ళకి కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అన్నీ ఒకే మాట చెప్పడం లేదు. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి అది రానే రాదు. కానీ బరువు తగ్గిందంటే షుగర్ మీదో, పథ్యం మీదో తోసేసి కూర్చోకూడదు. గొట్టం వేసి లోపల చూద్దాం.”

చూశారు. కడుపు కింది భాగంలో చిన్న పుండు. దాంట్లోంచి ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. అది కడుపు దాటి పాకిందో లేదో ఆ తర్వాతే ఖాయంగా తెలుస్తుందన్నారు.

ఆపరేషన్‌కి ముందు, తను చెడగొట్టిన కాటాలన్నీ సరిచేస్తే గానీ మంచం ఎక్కనన్నాడు. పిండి కొట్టాయన రాళ్ళు మోశాడు. “బాబాయ్, నీ ఒళ్ళు మోసినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది” అని దారి పొడుగునా సణిగాడు. ప్రతి కొట్టులోనూ బాబాయి తప్పు తనదేనని చెప్పుకున్నాడు. ఆ మనిషి నోట అలాంటి మాట విననివాళ్ళు పని మానుకుని మరీ విన్నారు.

ఆసుపత్రిలో పిన్ని రాజ్యమేలింది. నర్సులకి పురమాయింపులు, పక్క మంచాలవాళ్ళకి సలహాలు, ఆయనకి తిట్లు. “ఆపరేషనే కదా, నిద్దరోయి లేచినట్టుంటుంది. ఊరికే మొహం వేలాడేసుకోకండి” అనేది. ఈవిడకి భయమన్నదే లేదా, నేను పోయినా ఇలాగే తిరుగుతుందా అని బాబాయికి లోలోపల బాధగా కూడా ఉండేది.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళకి కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జన్ రిపోర్టు చదివి తలెత్తాడు.

“ఎక్కడికీ పాకలేదు. తీసేసినదాంతో సరి. పరీక్షలకి మాత్రం తప్పకుండా వస్తుండాలి.”

బాబాయి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఈ మాటకి పిన్ని ఏమంటుందోనని పక్కకి తిరిగితే కుర్చీ ఖాళీ. బయటికొచ్చాడు. వరండా చివర బల్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిపోయేలా ఏడుస్తోంది. మెల్లగా పక్కన కూర్చున్నాడు.

“అంతా బాగుందన్నాడు కదే. ఇప్పుడెందుకు ఏడుపు?”

“మీకు ధైర్యం చెప్పడంతోనే సరిపోయింది ఇన్నాళ్ళూ” అంది పిన్ని. “నాకు ఏడవడానికి తీరికెక్కడ ఇచ్చారు?”