స్పీడు తాళం తీసినవాడు

నల్లపాడు రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఎలీషా షెడ్డు. పైన రేకులు, లోపల ఒక ల్యాప్‌టాప్, రెండు కేబుళ్లు. స్పానరు పట్టడు, చేతికి మసి అంటదు. కారులోని కంప్యూటర్లోకి దూరి, కంపెనీ బిగించిన పగ్గాలు విప్పేస్తాడు. భయస్థులకు బయట తగిలించే చిన్న పెట్టె, వద్దనుకుంటే పీకేయొచ్చు. ధైర్యవంతులకు అసలు ప్రోగ్రామే మార్చేసే రీమ్యాప్. పిచ్చి ముదిరినవాళ్లకు కంపెనీ కంప్యూటర్నే తీసేసి వేరేది పెట్టడం. గుంటూరు కుర్రాళ్లు కార్లేసుకుని వరస కట్టేవాళ్లు. ఎందుకు, ఏమిటి అని ఎవరినీ అడిగేవాడు కాదు. అడిగితే గిరాకీ పోతుందనుకునేవాడు, మహానుభావుడు!

ఆ రోజు పొద్దున్నే ఒక కారుకు రీమ్యాప్ చేసి, ఎలా ఉందో చూద్దామని ప్రత్తిపాడు రోడ్డెక్కాడు. స్పీడు నూరు దగ్గరుంది. వెనక నుంచి హారన్ మోగించుకుంటూ ఒక జీపు అతన్ని దాటేసింది. ఎలీషా అదిరిపడ్డాడు. అద్దెకు తిరిగే బండ్లు ఎనభై దాటకుండా కంప్యూటర్లో అడ్డు ఉంటుంది. ఈ జీపుకు ఆ అడ్డు తీసింది తనే. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, యార్డుకు తోలాలని చెప్పి ప్రేమ్‌చంద్ అనే డ్రైవరు తెచ్చాడు. ఇప్పుడు అందులో టిక్కీలు లేవు. మిరప కోతకు వెళ్లే ఆడకూలీలు కిక్కిరిసి ఉన్నారు. వెనక మెట్టు మీద కొందరు వేలాడుతున్నారు. వాళ్లలో ఒంటి చేత్తో కడ్డీ పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకున్నావిడ ఎలీషా వాళ్లమ్మ దేవకుమారి.

హారన్ కొట్టాలన్నా భయమే. ఉలిక్కిపడి చెయ్యి వదిలేస్తే? అలాగే వెంటపడ్డాడు. చేను గట్టు దగ్గర జీపు ఆగాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

"అమ్మా! నీకేమన్నా పిచ్చా? జారితే ఎముక కూడా దొరకదు!"

దేవకుమారి కంగారు పడలేదు. కొంగు నడుముకు దోపుకుంటూ, "ఎందుకురా ఆ అరుపులు? ప్రేమ్‌చంద్‌ని నీ దగ్గరికి పంపిందే నేను" అంది.

"నువ్వా! మరి టిక్కీలకన్నాడే?"

"కిలోల లెక్కన కూలి. ముందొచ్చిన ముఠాకే కాయ నిండుగా ఉన్న సాళ్లు. వెనకొచ్చినోళ్లకి తాలు కాయలే. కూలోళ్ల బండని చెబితే నువ్వు చేస్తావా? అందుకే టిక్కీలని చెప్పమన్నా."

"ఇప్పుడే పాత ప్రోగ్రామే ఎక్కించేస్తా" అంటూ కారులోంచి ల్యాప్‌టాప్ లాగాడు.

"ఎక్కించు. ముందు ఆ అవతలి ముఠాని తోలే అంకయ్య బండికి ఎక్కించి, తర్వాత మాదాని జోలికి రా. వాళ్ల ముఠాని దాటలేకేగా మేమూ స్పీడు పెంచుకుంది. పోయిన నెల ఆ బండికి చేసింది నువ్వేనంటగా!"

నిజమే. చేసింది తనే. బండి చూశాడు, మోడల్ చూశాడు, అందులో ఎవరెక్కుతారో మాత్రం అడగలేదు. రెండు బండ్ల ఆడవాళ్లకు రోజూ పొద్దున్నే పందెం పెట్టి, తను దుప్పటి ముసుగేసుకుని పడుకుంటున్నాడు! తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో దుమ్ము లేపుకుంటూ అంకయ్య జీపు రానే వచ్చింది. దాని టాపు మీద కూడా మనుషులే. బ్రేకు పడగానే పైనున్న ముసలామె ముందుకు తూలింది. పక్కావిడ జబ్బ పట్టుకోబట్టి బతికింది. అంకయ్య దిగుతూనే ఎలీషాను గుర్తుపట్టాడు. మొహం చేటంత అయింది.

"దేవుడల్లే దొరికావన్నా! వీళ్లు మళ్లీ మాకంటే ముందొచ్చారు. ఇంకొంచెం పెంచన్నా!"

ఎలీషా చెయ్యి చాపాడు. అంకయ్య సంబరంగా తాళం అందులో పెట్టాడు.

కేబుల్ గుచ్చి ముందు ఆ బండిని, తర్వాత అమ్మ ఎక్కే బండిని ఎనభై దగ్గర కట్టేశాడు. ల్యాప్‌టాప్ మూసి తలెత్తేసరికి రోడ్డు మీద ఇంకో జీపు దూసుకుపోతోంది. నిండా కూలీలే. అది తను చేసిన బండో కాదో ఎలీషాకు గుర్తు రాలేదు.