హెలికాప్టరూ మా గుడి ఆర్గనూ

హెలికాప్టర్‌ని గాలిలో ఒకేచోట కదలకుండా నిలబెట్టడాన్ని హోవర్ అంటారు. కింద నిలబడి చూసేవాళ్ళకి లోపలున్న పైలట్ ఏమీ చేయకుండా కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఏమీ చేయనట్టుండే పనే నాకు చేతకాలేదు. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాను. నాతో చేరినవాళ్ళంతా హోవర్ దాటి ముందుకు వెళ్ళిపోయారు, నేనొక్కదాన్నే అక్కడ మిగిలాను.

మా ఇన్‌స్ట్రక్టర్ సైన్యంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎప్పుడూ గొంతు పెంచరు. నాకు కోపం ఎక్కువ, అందుకే తిట్టేవాళ్ళతో పడటమే నాకు తేలిక. ఆయన మెల్లగా, "చేతులు బాగున్నాయి. తోకే నిలవడం లేదు. కుక్కపిల్ల సంతోషపడ్డట్టు అటూ ఇటూ ఊపుతున్నావు" అనేవారు. ఎందుకు ఊపుతున్నానో నాకు తెలియదు, ఆయనకీ అంతుపట్టలేదు. ఇంతలో స్కూలు హెలికాప్టర్ సర్వీసింగ్‌కి వెళ్ళింది. మమ్మల్ని ఇళ్ళకు పంపేస్తూ ఆయన నన్ను పక్కకి పిలిచారు. "తిరిగొచ్చాక ఒక్కసారి చూస్తాను. తోక నిలిస్తే ముందుకు వెళదాం. నిలవకపోతే ఇక్కడితో ఆపేయడం నీకే మంచిది" అన్నారు. ఆ మాట పట్టుకుని మా ఊరు చల్లపల్లి వచ్చాను.

నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసింది. నేను ఇంటికి ఎప్పుడు వచ్చినా అమ్మ అడిగేది తిండి గురించి, నాన్న అడిగేది ఒక్కటే మాట.

"ఆదివారం ఉంటావుగా?"

ఆ ప్రశ్న మా గుడిలో, అంటే ఊరి చర్చిలో, ఉన్న ఆర్గన్ గురించి. ఎప్పుడో దొరలు వదిలి వెళ్ళింది. కింద రెండు పెడల్స్ ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉంటే లోపలి తిత్తుల్లో గాలి ఆడుతుంది, అప్పుడు పైన తెల్లా నల్లా మెట్లు నొక్కితే పలుకుతుంది. తొక్కడం ఆపితే ఎంత నొక్కినా పలకదు. నాన్న వయసులో ఉన్నప్పటి నుంచి దాన్ని వాయించారు. మోకాళ్ళు అరిగిపోయి చేతికర్ర పట్టాక ఆపేశారు. అప్పటి నుంచీ నేను ఊళ్ళో ఉన్న ఆదివారాలే ఆర్గన్ ఆదివారాలు. మిగతా వారాలు కుర్రాళ్ళు కీబోర్డు వాయిస్తారు. అది మోగుతున్నంతసేపూ నాన్న పాటల పుస్తకంలో తల దూర్చేసి కూర్చుంటారని అమ్మ చెప్పేది.

హెలికాప్టర్ సంగతి చెప్పాను. ఇద్దరూ భోజనం ఆపి విన్నారు. నిజం బండి ఎక్కడానికి లేదు కాబట్టి ఇంట్లోనే సాధన చేస్తాను, కంప్యూటర్లో దానికి ఆటలాంటిది ఉంటుంది, చేతికీ కాలికీ కావలసిన సరంజామా ఉంటే చాలు అన్నాను. నాన్న మర్నాడే నాతో విజయవాడ బస్సెక్కారు.

ఆ సరంజామా ఏమిటంటే, మోకాళ్ళ మధ్య నిలబడే కర్ర ఒకటి, కుడిచేతికి. బండిని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచేది అదే. ఎడమచేతి పక్కన కారు హ్యాండ్‌బ్రేక్ లాంటి మీట, పైకి లాగితే బండి లేస్తుంది. పాదాల కింద రెండు పెడల్స్, తోకని తిప్పడానికి. ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ అలుగుతాయి. ముగ్గురు తోడికోడళ్ళున్న వంటిల్లు అనుకోండి.

కుడిచేతి జాయ్‌స్టిక్కూ పెడల్సూ గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపువాళ్ళు తెప్పించి పెట్టారు. ఎడమచేతి మీట మాత్రం ఎక్కడా దొరకలేదు. హ్యాండ్‌బ్రేక్ లాంటిదని నేను అన్నానుగా, నాన్న ఆ మాట పట్టుకుని ఆటోనగర్‌కి ఆటో మాట్లాడారు. పాత కార్ల సామాను అమ్మే షెడ్డులో ఆయన నిజంగానే ఒక హ్యాండ్‌బ్రేక్ అడిగారు.

"ఏ బండికండీ?" అన్నాడు షెడ్డాయన.

"హెలికాప్టర్‌కి" అన్నారు నాన్న.

అతను రెప్ప కూడా వేయకుండా, "ఏ మోడలు?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. అసలు సంగతి విన్నాక అతనికీ సరదా పుట్టి, మీట మధ్యలో ఆగకుండా మెత్తగా కదిలేలా లోపలి పళ్ళు గ్రైండర్ మీద అరగదీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ప్లైవుడ్ చెక్కకి బిగించాను. మీట ఎంత లేచిందో కంప్యూటర్‌కి తెలిసేలా పాత రేడియో వాల్యూమ్ నాబ్ ఒకటి దాని మొదట్లో అమర్చి, జాయ్‌స్టిక్ తీగల్లో కలిపాను. నా ఇంజనీరింగ్ చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే.

హాల్లో టీవీకి లాప్‌టాప్ కలిపి, భోజనాల బల్ల కుర్చీ ముందుకు లాగి కూర్చున్నాను. మొదటిరోజు నాన్న సంబరం కోసం గన్నవరంలో లేచి కృష్ణ మీదుగా మా ఊరి వైపు వచ్చాను. కాలవలు ఉన్నాయి, పచ్చటి మళ్ళు ఉన్నాయి. మా గుడి ఉండాల్సిన చోట ఒక పచ్చ గడి ఉంది.

"గోపురం ఏదమ్మా?" అన్నారు నాన్న, కళ్ళజోడు సర్దుకుని.

"వాళ్ళకి తెలియదులే నాన్నా."

"మరి తెలియనోళ్ళు మ్యాపు ఎందుకు గీయాలి?"

"సీరియల్ టైముకి కిందికి దిగిపోవాలి. అది మాత్రం చెప్తున్నా" అంది అమ్మ వంటింట్లోంచి.

మర్నాటి నుంచి హోవర్ మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటే సాయంత్రం అమ్మ సీరియల్ దాకా అదే పని. చేతులు రెండూ కుదురుకునేసరికి తోక ఊగేది. అటు, ఇటు. అటు, ఇటు. ఎంత జాగ్రత్త పడితే అంత ఊగేది. హెలికాప్టర్ కూలేది, నేను మీట మీద అరిచేదాన్ని. ఒకసారి కోపమొచ్చి పెడల్స్‌ని ఒక్క తన్ను తన్నాను, అవి వెళ్ళి టీవీ స్టాండుకి తగిలాయి. అమ్మ వచ్చి చూసి, మజ్జిగ ఇచ్చి వెళ్ళింది.

నాన్నకి టీవీలో భూమి తిరుగుతుంటే కళ్ళు తిరిగేవి. అందుకని ఆయన తెర చూడటం మానేసి, పక్కన వాలుకుర్చీలో నా వైపు తిరిగి కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం నేను పళ్ళు బిగించి హోవర్ చేస్తుంటే ఆయన సన్నగా కూనిరాగం తీస్తున్నారు. నాకు చిరాకేసింది.

"నాన్నా, పాట ఆపవా? అసలే నిలవక చస్తుంటే."

"నేను మొదలుపెట్టలేదమ్మా. నువ్వే తొక్కుతున్నావు. కానుకలు పట్టేటప్పుడు వాయిస్తావే, అది" అన్నారు.

కిందికి చూశాను. నా పాదాలు ఎడమ, కుడి, ఎడమ, కుడి అని ఒకే తూకంతో తొక్కుతున్నాయి. గుడిలో కానుకల సంచీ వరసల్లో తిరుగుతున్నప్పుడు నిదానంగా వాయించే పాట అది. తోక ఆ పాట ప్రకారమే ఊగుతోంది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది.

ఆ అలవాటు వేసింది నాన్నే. నా కాళ్ళు పెడల్స్‌కి అందని రోజుల్లో బల్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కింద ఆయన తొక్కేవారు, పైన నేను వాయించేదాన్ని. కాళ్ళు అందాక మెట్లు ముట్టుకోనివ్వలేదు. ఊరికే తొక్కమనేవారు. ఎక్కాలు చదువుతూ తొక్కు, మాట్లాడుతూ తొక్కు, చేతులేం చేస్తున్నా కాళ్ళు వాటి పని అవి చేసుకోవాలి అనేవారు. "పాట ఆగినా ఊపిరి ఆగకూడదమ్మా" అని ఒకటే మాట. ఆర్గన్‌కి ఆ గాలే ఊపిరి. అలా నా చేతులు పనిలో పడగానే కాళ్ళు తమంతట తామే బయలుదేరడం నేర్చుకున్నాయి. హెలికాప్టర్లో జరుగుతున్నది అదే. పాపం మా ఇన్‌స్ట్రక్టర్‌కి ఎట్లా తెలుస్తుంది? ఆయన ఎప్పుడూ మా గుడికి రాలేదు.

 నాన్న ఆ సాయంత్రం పెడల్స్ తిరగేసి చూసి, "వీటికి స్ప్రింగులున్నాయి. తొక్కితే మళ్ళీ పైకి లేస్తన్నాయి, అచ్చం మన ఆర్గన్ మాదిరే. మీ బండిలో ఉంటాయా?" అన్నారు. ఇలా ఉండవన్నాను. స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయనే ఊడదీశారు. ఆ తర్వాత నా మొహం చూడకుండా అన్నారు.

"ఆదివారం నువ్వు ఆర్గన్ దగ్గరికి పోవద్దు. బండి వచ్చేదాకా అసలు ముట్టుకోవద్దు."

నేను వచ్చానని తెలిసి ఆయన అప్పటికే గుడికి వెళ్ళి ఆర్గన్ మీద గుడ్డ తీసి, దుమ్ము దులిపి వచ్చారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఆ ఆదివారం కుర్రాళ్ళు కీబోర్డు వాయించారు. నాన్న పాటల పుస్తకంలో తల దూర్చి పాడారు. ఆయన పక్కనే కూర్చుని నేను ఒక్క పాటా సరిగ్గా పాడలేకపోయాను. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు, అంత కోపమూ రాలేదు. కాస్త బాధ పడొచ్చుగా పైకి.

స్ప్రింగులు తీసినా కాళ్ళు మాట వినలేదు. గమనిస్తున్నంతసేపు ఊరుకునేవి, చేతుల మీదికి దృష్టి పోగానే బయలుదేరేవి. అప్పుడు నాన్న చిన్న స్టూలు ఒకటి తెచ్చుకుని, టీవీకి వీపు పెట్టి, వంగని మోకాళ్ళని చెరోపక్కకి చాపి, నా ఎదురుగా కూర్చున్నారు. వంగి నా రెండు పాదాల మీదా అరచేతులు పెట్టారు.

నేను కాళ్ళు గబుక్కున వెనక్కి లాక్కున్నాను. "ఏంటి నాన్నా నువ్వు, నా కాళ్ళు పట్టుకోవడం ఏంటి?"

"గుడ్ ఫ్రైడే ముందు పాస్టరు అయ్యగారు ఊళ్ళోవాళ్ళ కాళ్ళు కడగట్లా? నేను కడగను కూడా కడగట్లేదు. పెట్టు" అన్నారు.

"పెట్టవే, ఆయన నడుం పట్టేసే లోపల" అంది అమ్మ.

పెట్టాను. ఆయన చేతులు వెచ్చగా ఉన్నాయి, సుద్దముక్క పట్టుకుని పట్టుకుని వేళ్ళ చివర్లు గరుకుదేలాయి. ఆయన షరతు చెప్పారు. నా ఎడమచేయి మీట లేపినప్పుడు పాదం కదిలితే ఏమనరు, అది పనికోసం కదలడం. చేయి ఊరుకున్నా పాదం కదిలితే మాత్రం నొక్కుతారు. అలాగే నొక్కేవారు. మొదట్లో నొక్కులే నొక్కులు. రోజులు గడిచేకొద్దీ తగ్గాయి.  తెరమీద హెలికాప్టర్ నేలకి కాస్త ఎత్తులో వణుకుతూ నిలబడేది, కింద ఆయన నెత్తి మీద పలచబడిన జుట్టు కనిపించేది. ఒక మధ్యాహ్నం చాలాసేపు తోక కదల్లేదు. "నాన్నా, నిలబడింది" అన్నాను. ఆయన తలెత్తలేదు. ఎప్పుడో చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం అవి ఇంకా నా పాదాల మీదే ఉన్నట్టు అనిపిస్తోంది.

స్కూలుకి తిరిగి వెళ్ళాక మొదటిరోజే ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఎక్కించుకున్నారు. హ్యాండ్‌బ్రేక్‌తో నేర్చుకున్న ఎడమచేయి నిజం మీటని పైకి లాగింది. పాదం దానికి కావలసినంత ఒత్తి అక్కడ ఆగింది. గాలి కొడుతున్నా బండి ఒకేచోట నిలబడింది. ఆయన కాసేపు చూసి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంటి దగ్గర ఏం చేశావు?" అన్నారు. మా నాన్న నా కాళ్ళు పట్టుకున్నారని ఎలా చెప్పను? సాధన చేశానన్నాను. "సరే, రేపటి నుంచి ముందుకు" అన్నారు. దిగాక ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అంతా విని, ఎప్పటిలాగే అడిగారు.

"ఏ ఆదివారం వస్తావు?"

వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే ఆయన నాకంటే ముందు గుడికి వెళ్ళిపోయారు. ఆర్గన్ మీద గుడ్డ మడతపెట్టి ఉంది. ఆయన కొత్త చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నారు, చేతిలో పాటల పుస్తకం మూసే ఉంది. అయ్యగారు మొదటి పాట చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. నేను వేళ్ళు మెట్ల మీద పెట్టి నొక్కాను.

చప్పుడు రాలేదు.

మళ్ళీ నొక్కాను. రాలేదు. కిందికి చూస్తే నా పాదాలు పెడల్స్ మీద బుద్ధిగా పడుకుని ఉన్నాయి. తొక్కు అనుకున్నాను. ఒకటి తొక్కింది, రెండోది ఎప్పుడు తొక్కాలో దానికి గుర్తు రాలేదు. ఆర్గన్ ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. వెనక ఎవరో దగ్గారు.  నాన్న వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

చేతికర్ర చప్పుడు వినిపించింది. నాన్న వచ్చి బల్ల పక్కన నిలబడి, "జరుగమ్మా" అన్నారు. జరిగాను. పక్కన కూర్చుని, నా పాదాల్ని తన పాదంతో మెల్లగా పక్కకి నెట్టి, రెండు పెడల్స్ మీదా కాళ్ళు పెట్టారు. తొక్కారు. మోకాళ్ళు కటకటమన్నాయి, లోపల తిత్తులు ఆడాయి. "నువ్వు వాయించు" అన్నారు.

వాయించాను. చరణాలు చాలా ఉన్న పాట. ఆయన బాధ చూసి అయ్యగారు మొదటి చరణం, చివరి చరణం చాలన్నారు. నాన్న వినిపించుకోలేదు. అన్నీ తొక్కారు. నుదుటి మీద చెమట కారుతోంది, ఆయన మాత్రం అందరికంటే గట్టిగా పాడుతున్నారు.

పాట అయిపోయింది. ప్రార్థనకి అందరూ తలలు వంచారు. నేను వంగి ఆయన పాదాల మీద నా రెండు అరచేతులూ పెట్టాను. అవి ఇంకా తొక్కుతూనే ఉన్నాయి.