కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

నిజామాబాద్‌లోని మా ఫ్లాట్లో, కంప్యూటర్ తెర పైఅంచున ఉన్న కెమెరా మీద ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది. నా భార్య పొట్లంలోంచి తీసి మా మనవరాలు సహస్ర అంటించింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు చిన్ననాటి బోధన్ చెరకు బండ్లు గుర్తొస్తాయి.

చలి ముదిరి చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలైందంటే ఊరంతా బెల్లపు మడ్డి వాసన కమ్ముకునేది. మంచుకు తడిసిన చెరకాకుల పచ్చివాసన, ఎడ్ల మెడల్లో గంటలు, ఇరుసుకు పూసిన కందెన, ఎప్పటికీ తెగని బండ్ల వరుస, దాని వెనక బడిసంచులతో పరుగెత్తే మేము. ఒకడు బండిలోని చెరకు గడ పట్టుకుంటే ఇద్దరు వాడి నడుం పట్టి లాగేవాళ్లం. బండి తోలే తాత వెనక్కి చూసి, "మొదలు వట్టి గుంజుండ్రా, కొస వడితే ఆకే వస్తది," అని నవ్వేవాడు.

ఆ గడలతో ఇల్లు చేరితే మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, గడప మీద అడ్డంగా కూర్చునేది.

"గుంజుకొచ్చింది ఇంట్లకు రావద్దు బిడ్డా. వాకిట్లనే తిను, చేతులు కడుక్కొని రా."

ఇంటి ముందు వాకిట్లో కూర్చుని పళ్లతో చెక్కు చీల్చి, రసం మోచేతుల దాకా కారుతుంటే నమిలి, పిప్పి ఊడ్చి, కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి వెళ్లేవాళ్లం.

పోయిన నెల సహస్ర, డబ్బు పెట్టి కొనాల్సిన వీడియో గేమ్‌ను ఎక్కడి నుంచో ఊరికే దింపుకుంది. కొన్నాళ్లకు నా మెయిల్‌కు ఒక ఫోటో వచ్చింది. ఒక్క మాట కూడా రాసి లేదు. మా ముందుగది, మధ్యాహ్నపు వెలుగు, ఒళ్లో నూనెగిన్నె, జుట్టు విరబోసుకుని నా భార్య, ఆమె ముందు జడ వేయించుకుంటున్న సహస్ర. నా భార్యను పిలిచి చూపించాను.

"ఎవడు తీసిండిది? ఇంట్లకు ఎవడొచ్చిండు?" అంది నా భార్య.

కంప్యూటర్ బాగుచేసే అతన్ని పిలిచాం. చాలాసేపు చూసి, "ఇంట్లకు ఎవ్వడు రాలేదమ్మా, దొంగ గేమ్‌తోటి కంప్యూటర్లకు వచ్చిండు. కెమెరా, పాస్‌వర్డులు, సార్ ఇండ్ల రాసుకున్న డైరీ, అన్ని వాని చేతులకు వోయినయి. యాంటీవైరస్ ఎవరు బంద్ వెట్టిండ్రు?" అన్నాడు.

"అది బంద్ చేస్తెనే ఆట ఎక్కుతదని గండ్లనే రాసి ఉండె తాతా," అంది సహస్ర, నా వైపు చూస్తూ. "అందరు గట్లనే ఎక్కించుకుంటరు."

ఇంటి కాపలాను మా పిల్ల చేతనే తీయించారు. బాగుచేసే అతను కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశాడు, పాస్‌వర్డులన్నీ మార్చాం. ఆ ఫోటోను మాత్రం వెనక్కి తెచ్చే దారి లేదన్నాడు. చిన్నప్పటి నుంచీ తప్పని అలవాటుగా ఆ రోజూ కంప్యూటర్‌లో కొత్తగా డైరీ తెరిచి తేదీ వేశాను. వాడూ చదువుతాడేమోనని కింద ఒక్క మాట రాలేదు.

ఎడ్లబండ్లు పోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది, అవ్వ పోయింది. ఊరికే వచ్చిన దాన్ని బయటే ఆపడానికి ఈ ఫ్లాటుకు వాకిలి కూడా లేదు. కెమెరాకు బొట్టుబిళ్ల ఉన్నా, నా భార్య ఇప్పుడు సహస్రకు జడ లోపలి గదిలో, తలుపు వేసుకుని వేస్తోంది.